కారవాన్ నేర్పిన పాఠం

‘కారవాన్’ అనే మాట నేటి విద్యార్థులకు కొత్తది కాదు. సినిమా చిత్రీకరణ జరిగే చోట నటీనటులు విశ్రాంతి తీసుకొనే చల్లని గదుల బండి అని చిన్నపిల్లలు సైతం చెప్పగలరు. కాని ఆ మాట ఎక్కడినుండి వచ్చిందని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. ఇది ఫార్సీ మాట. ఎడారులలో, కొండదారులలో గుంపుగా సాగిపోయే వర్తకుల ఒంటెల బిడారుకు ఫార్సీలోను ఉర్దూలోను ఇదే పేరు. ఆ మాట ఐరోపా చేరి, ఆంగ్లంలో స్థిరపడి, మొదట బిడారుకు, పిదప చక్రాలపై నడిచే ఇంటికి పేరయింది. అదే మాట మన హైదరాబాదులోనూ నిలిచి ఉన్నది. గోల్కొండ వజ్రాల వ్యాపారం సాగిన రోజులలో వర్తకుల బిడారులు విడిది చేసిన పేటను నేటికీ మనం ‘కార్వాన్’ అనే పిలుస్తున్నాము. నేను పుట్టి పెరిగింది ఆ పేటలోనే. అయినా కారవాన్ అంటే ఏమిటో, అది మనిషికి ఏమి నేర్పగలదో తెలుసుకొనడానికి నేను అమెరికా దాకా వెళ్ళవలసి వచ్చింది.

ఈ చక్రాల ఇళ్ళకు పాశ్చాత్య దేశాలలో ఒక చరిత్ర ఉన్నది. అమెరికాలో వాలీ బయమ్ అనే ఆయన 1931లో ప్రారంభించిన ‘ఎయిర్‌స్ట్రీమ్’ సంస్థ, 1936లో ‘క్లిప్పర్’ అనే బండిని తయారుచేసింది. విమానం ఒంటిని కూర్చినట్లే అల్యూమినియం రేకులను రివెట్లతో కూర్చి చేసిన బండి అది. కారు వెనుక తగిలించి లాగుకొని పోవచ్చును. జర్మనీలో 1950లో ఉత్పత్తి మొదలైన ఫోక్స్‌వాగన్ వ్యానులో పడకలు, అలమరలు అమర్చి ప్రయాణపు ఇంటిగా మార్చే పని ఆ మరుసటి సంవత్సరానికే ఆరంభమయింది. అమెరికాలో 1956 నాటి చట్టంతో రాష్ట్రాలను కలిపే విశాలమైన రహదారుల నిర్మాణం ఊపందుకొనగా, సామాన్య కుటుంబాలు కూడా ఇటువంటి బండ్లతో దేశం చూడసాగాయి. 1969 జూలైలో చంద్రునిపై కాలుమోపి తిరిగివచ్చిన వ్యోమగాములను కొన్నాళ్ళు ఎవరికీ తగలకుండా వేరుగా ఉంచడానికి ఉపయోగించిన గది కూడా మార్పులు చేసిన ఎయిర్‌స్ట్రీమ్ బండియే. దాని కిటికీ అద్దం వెనుకనుండియే వారు తమ దేశాధ్యక్షునితో మాట్లాడారు.

ఆనాటి బండ్లు ఇప్పుడు ముసలివైపోయాయి. పెరటి గడ్డిలో, పొలాల గట్లమీద పడి ఉన్న అటువంటి బండ్లను వెదకి కొని, తిరిగి నడిచేటట్లు చేయడం అక్కడి అనేక కుటుంబాలకు ఒక ఇష్టమైన పని. మా అన్నగారు ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో కంప్యూటర్ ఇంజనీరు. ఆయన 2017 చివరిలో 3,800 డాలర్లకు అటువంటి బండిని ఒకదానిని కొన్నారు. పేరుమోసిన సంస్థది కాదు. అదే పద్ధతిలో 1960ల నాటి ఒక చిన్న సంస్థ చేసినది. ఆ సంస్థ ఇప్పుడు లేదు. పొడవు 22 అడుగులు. దూరంనుండి వెండి గిన్నె వలె కనిపించేది. తలుపు తెరిస్తే లోపల ఎలుకల కంపు. వెనుకవైపు నేలమీద కాలు మోపితే ప్లైవుడ్ తడిసిన అట్టముక్క వలె క్రుంగిపోయేది.

నా అభిప్రాయం చెప్పడానికి ముందు ఒక రహస్యం బయట పెట్టవలసి ఉన్నది. మా తండ్రిగారు ఆర్టీసీ బస్సు బాడీలు తయారుచేసే కార్ఖానాలో శ్రామిక్‌గా చేరి, 31 సంవత్సరాలు రేకుపని చేసి పదవీ విరమణ పొందారు. మన నగరపు వీథులలో తిరిగిన ఎన్నో బస్సుల ప్రక్కరేకులు ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. అయితే నేను ఈ కళాశాలలో చేరేనాడు ప్రవేశపత్రంలో ‘తండ్రి వృత్తి’ అన్నచోట ‘ప్రభుత్వోద్యోగి’ అని వ్రాశాను. నాకంటె ముందు మా అన్నగారూ అదే వ్రాశారు. అది పూర్తిగా అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ కాగితంమీద సంతకం చేసిన మా తండ్రిగారు చదవడం రానివారు కాదు. చదివారు, ఏమీ అనలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పింది ఆ మౌనమే.

2018 మే నెలలో వేసవి సెలవులలో నేను మా తండ్రిగారిని వెంటబెట్టుకొని అన్నగారింటికి వెళ్ళాను. మొదటి పది రోజులు ఆయనకు ఆ ఇల్లు చెరసాల వలెనే ఉన్నది. అన్నగారూ వదినగారూ ఉద్యోగాలకు పోతారు. మనుమడికి, మనుమరాలికి ఇంగ్లీషు తప్ప రాదు. ‘దాదా’ అని పిలవడం, సలాము చేయడం అయినాక వారికీ ఆయనకూ మధ్య మాట ముందుకు సాగేది కాదు. ఆయన కుర్చీలో కూర్చొని కిటికీలోనుండి పెరటివైపు చూస్తూ ఉండేవారు. పెరట్లో ఆ పాత బండి ఉన్నది.

అన్నగారి పథకం ఇది: ఆదివారాలు తాను విద్యుత్తు పని చూసుకొంటారు, వదినగారు తెరలు కుడతారు, పిల్లలు రంగులు వేస్తారు, రేకుపనికి ఎవరినైనా కూలికి పిలుస్తారు. ఇంట్లోనే రేకుపనివాడు ఉన్నాడన్న ఆలోచన ఆయనకు రాలేదు. నాకూ రాలేదు. పదకొండవ రోజున మా తండ్రిగారు తమంతట తాము లేచి వెళ్ళి, బండి చుట్టూ తిరిగి, వ్రేళ్ళతో రేకులను తట్టి చూశారు. అటుపైన అన్నగారిని పిలిచి, “రంగులు, తెరలు తరువాత. ముందు లోపలి రేకులన్నీ విప్పించు. ఎముక చూడకుండా చర్మానికి మందు రాయరు” అన్నారు.

విప్పితే తెలిసింది. ఇటువంటి బండికి బయట ఒక రేకు, లోపల ఒక రేకు, నడుమ వేడినీ చలినీ ఆపే దూది వంటి పదార్థం ఉంటాయి. అడుగున ఉక్కు చాసీ, దానిపై ప్లైవుడ్ నేల. వానినన్నిటినీ కలిపి పట్టి ఉంచేవి రివెట్లు. ఏళ్ళ తరబడి అతుకులలోనుండి జారిన నీరు నడిమి పొరలో దిగి, ప్లైవుడ్‌ను కుళ్ళబెట్టి, చాసీ వెనుక భాగాన్ని తుప్పు పట్టించింది. ఉక్కూ అల్యూమినియమూ ఒకదానికొకటి తగిలి ఉన్నచోట తేమ చేరితే అల్యూమినియం తొందరగా తినివేయబడుతుంది. రెండింటి నడుమ పూత గాని పట్టీ గాని ఉండాలి. ఈ సంగతి మా అన్నగారు రసాయన శాస్త్రంలో చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు తెచ్చుకొన్నారు. మా తండ్రిగారు చదవలేదు. 31 సంవత్సరాలు బస్సుల క్రింద పడుకొని చూశారు. ఆనాడు బండి క్రింద ఇద్దరూ ప్రక్కప్రక్కన పడుకొని ఒకే మచ్చను టార్చిలైటుతో చూస్తూ మాట్లాడుకొనడం నేను విన్నాను. తండ్రీకొడుకులు అంతసేపు మాట్లాడుకొనగా నేను వినడం అదే మొదటిసారి.

మొదటి తగవూ అక్కడే వచ్చింది. అన్నగారికి తొందర. ఒకవైపునుండియే బిగించగల బోలు రివెట్లు బజారులో దొరుకుతాయి. ఒక్క మనిషి చాలు, గంటకు ఎన్నో వేయవచ్చును. మా తండ్రిగారు ఒప్పుకొనలేదు. బోలు రివెట్ లోపలి రంధ్రమే రేపటి నీటికి దారి అని ఆయన వాదం. గట్టి రివెట్ వేయాలన్నారు. గట్టి రివెట్‌కు ఇద్దరు మనుషులు కావాలి. వెలుపల ఒకరు గాలితో పనిచేసే సుత్తిని రివెట్ తలమీద ఆనించి కొడతారు. లోపల మరొకరు బరువైన ఉక్కు దిమ్మను, మన కార్ఖానాలలో ‘డాలీ’ అనే దానిని, రివెట్ తోకకు అదిమి పట్టుకొంటారు. ఆ దెబ్బకూ ఈ అదుముకూ నడుమ తోక పుట్టగొడుగు వలె విచ్చుకొని బిగుసుకొంటుంది. దిమ్మ వంకరగా పట్టితే రివెట్ వంగుతుంది. వదులుగా పట్టితే రేకు సొట్టపోతుంది. తమాషా ఏమంటే, ఈ ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. నడుమ రేకు ఉంటుంది. తట్టి చెప్పుకొనవలసిందే.

లోపల దిమ్మ పట్టేది ఎవరు? అన్నగారి చేయి ఇరుకు చోట్ల దూరలేదు. నా చేయి పది నిమిషాలకే వణికింది. చివరకు పన్నెండేళ్ళ మనుమరాలు ముందుకు వచ్చింది. ఆడపిల్లకు ఇనుపపని ఎందుకని నేనే అన్నాను; ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. తాతగారికి ఇంగ్లీషు రాదు, ఆ పిల్లకు ఉర్దూ రాదు, తెలుగు రాదు. రెండు రోజులలో వారిద్దరూ ఒక భాష కల్పించుకొన్నారు. ఒకసారి తట్టితే ‘కొట్టు’, రెండుసార్లు తట్టితే ‘చాలు’, మూడుసార్లు తట్టితే ‘చెడిపోయింది, తీసివేయాలి’. ఆ రేకుకు ఇరువైపులా నిలబడి తాతా మనుమరాలూ రోజుకు రెండేసి గంటలు ‘మాట్లాడుకొన్నారు’. ఇంటిలో ఎదురెదురుగా కూర్చొన్న పది రోజులలో జరగని సంభాషణ అది.

విచ్చుకొన్న తోక వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు ఉండాలని విమాన శిల్పానికి సంబంధించిన పుస్తకాలలో ఉన్నదట. అన్నగారు అది చదివి, కొలిచే సాధనం తెచ్చి, మా తండ్రిగారు బొటనవ్రేలితో తడిమి ‘సరిపోయింది’ అన్న రివెట్లను ఇరవయింటిని కొలిచారు. పద్దెనిమిది సరిగా ఉన్నాయి. మిగిలిన రెండూ నేను దిమ్మ పట్టినవి. అన్నగారు సాధనం పెట్టెలో పెట్టి, చాలాసేపు ఊరకున్నారు. ఆ రాత్రి భోజనాలవేళ పిల్లలతో, “మీ దాదా బస్సులు తయారుచేసేవారు” అని ఇంగ్లీషులో చెప్పారు. ఇంట్లో ఆ మాట అంత స్పష్టంగా ఎవరూ ఎన్నడూ చెప్పి ఉండలేదు.

తరువాతి వారం అందరము కలిసి జాక్సన్ సెంటర్ అనే చిన్న ఊరికి వెళ్ళాము. కొలంబస్‌నుండి సుమారు ఒకటిన్నర గంట ప్రయాణం. ఎయిర్‌స్ట్రీమ్ బండ్ల కార్ఖానా 1952నుండి అక్కడ ఉన్నది. సందర్శకులను లోపలికి తీసుకొనిపోయి చూపిస్తారు. అక్కడ కూడా బండి ఒంటికి వెలుపల ఒకరు, లోపల ఒకరు నిలబడి రివెట్లు వేస్తున్నారు. ఇంత యంత్రయుగంలోనూ ఆ పని జంట చేతులతోనే సాగుతున్నది. మా తండ్రిగారు కళ్ళు మూసుకొని కాసేపు ఆ చప్పుడు విన్నారు. “మన కార్ఖానా చప్పుడే” అన్నారు. మరేమీ అనలేదు.

ఇక బండి సంగతి. నేల కొత్తది వేశాక, లోపలి రేకులు మూయకముందే నీటి పరీక్ష పెట్టారు. ఒకరు పైనుండి గొట్టంతో నీరు పోస్తుంటే, మిగిలినవారమంతా లోపల టార్చిలైట్లూ సుద్దముక్కలూ పట్టుకొని, చుక్క పడినచోటల్లా గుర్తు పెట్టాము. మొదటి దినం 23 గుర్తులు. రెండవ పరీక్షకు ఏడు. మూడవ పరీక్షకు ఒకటి. ఆ ఒక్కటీ ఆగాకనే తీగలు లాగారు, గ్యాసు గొట్టాలకు గాలి పట్టించి పరీక్షించారు, దూది పరచారు. వదినగారు తెరలు కుట్టవలసిన మనిషి కదా, ఆమె లెక్కల పుస్తకమూ పెట్టారు. బండి విలువ కాక 11,000 డాలర్లకు పైగా ఖర్చయినట్లు ఆ పుస్తకం చెబుతున్నది. ఆరు వారాలకు నేను తిరిగివచ్చాను, అక్టోబరులో మా తండ్రిగారు వచ్చారు. మిగిలిన పని పూర్తయి 2019 వేసవిలో వారు ఆ బండిని హాకింగ్ హిల్స్ కొండలకు తీసుకొనిపోయి మూడు రాత్రులు గడిపారు.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. కుటుంబమంతా కలిసి పాత బండిని బాగుచేయడంలోని అసలు ఫలం బండి కాదు. చేతిపని తెలిసిన మనిషికి ఆ ఇంట్లో తిరిగి దక్కే స్థానమే అసలు ఫలం. చదువు మనకు ఎన్నో ఇచ్చింది. కాని చదువుకొన్న పిల్లలకూ చదువుకొనని పెద్దలకూ నడుమ ఒక రేకును కూడా నిలబెట్టింది. అటువైపున ఉన్నవారి ముఖం ఇటువైపువారికి కనిపించదు. ఆ రేకును కోసివేయనవసరం లేదు. ఇరువైపులా నిలబడి ఒకే రివెట్‌మీద చేయి వేస్తే చాలు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. “ఇది డబ్బున్నవారి సరదా, అంత డబ్బుతో నిన్న మొన్నటి బండియే వచ్చేది కదా” అనవచ్చును. నిజమే. పొదుపు కోసం ఈ పనికి దిగేవారు నష్టపోతారు. ఆ మాట దాచడం మోసం. “ఇటువంటి పనులు సగంలో ఆగిపోతాయి” అనవచ్చును. అదీ నిజమే. అమెరికాలో పెరళ్ళలో పడి ఉన్న పాత బండ్లలో కొన్ని, ఉత్సాహంతో విప్పి, ఓపిక లేక వదలివేసినవే. అయితే అవి ఎందుకు ఆగుతాయో గమనించాలి. కంటికి ఇంపయిన రంగుతో, తెరలతో మొదలుపెట్టి, కనబడని చాసీని మరచినవారి పని ముందు ఆగుతుంది. కుటుంబంలో అందరినీ నిలబెట్టి, ఒక్కరే పనిచేసి, మిగిలినవారిని చూడమన్నవారి పని తరువాత ఆగుతుంది. అందరూ అక్కడ ఉండడం చాలదు. ప్రతివారి చేయీ అవసరం కావాలి. పన్నెండేళ్ళ పిల్ల చేయి లేకపోతే మా బండి వెనుక భాగం ఈనాటికీ పూర్తయ్యేది కాదు.

“మనకు కారవాన్లు ఎక్కడివి?” అన్న ప్రశ్న అన్నిటికంటె న్యాయమైనది. మనకు కారవాన్లు లేవు, అవసరమూ లేదు. కాని మన ఇళ్ళలో తాతగారి సైకిలు ఉన్నది, నాన్నగారి స్కూటరు ఉన్నది, అమ్మగారి కుట్టుమిషను ఉన్నది. పాత సామానువాడు వీథిలో కేక వేయగానే తూకానికి వేసి ఇచ్చివేయడానికి మనం సిద్ధంగా ఉంటాము. ఇచ్చేముందు ఒక్క ఆదివారం దానిని ఇంటిల్లిపాదీ కూర్చొని విప్పి చూడండి. బాగుపడకపోతే పోనీండి. దానిని గురించి తెలిసినవారెవరో ఆనాడు ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక మనవి. మన విద్యార్థుల తండ్రులలో మోటారు మెకానిక్కులున్నారు, వెల్డర్లున్నారు, వడ్రంగులున్నారు, దర్జీలున్నారు. ఏడాదికొకసారి బహుమతి ప్రదానానికి పిలిచి, వెనుక వరుసలో కూర్చోబెట్టి పంపుతున్నాము. నెలకొక ఆదివారం సైకిలు షెడ్డు ప్రక్కనున్న ఖాళీ గదిని తెరిపించి, ఒక పాత వాహనాన్ని అందులో నిలిపి, ఆ తండ్రులను గురువులుగా పిలవవలసిందని కోరుతున్నాను. భౌతికశాస్త్ర ఉపన్యాసకులు కూడా వచ్చి విద్యార్థులతోపాటు నేలమీద కూర్చోవాలి. ఖర్చు స్వల్పం, పాఠ్యప్రణాళిక మార్చనవసరం లేదు. అమ్మాయిలను అంచున నిలబెట్టి చూడమనవద్దని మాత్రం మరీమరీ కోరుతున్నాను.

విద్యార్థి మిత్రులారా! మీకొక చిన్న మాట. రేపు ఏ దరఖాస్తులోనైనా ‘తండ్రి వృత్తి’ అన్న గడి ఎదురవుతుంది. అక్కడ ఉన్నది ఉన్నట్లు వ్రాయండి. నేను వ్రాయలేకపోయాను.

కిందటి వర్షాకాలంలో మా అన్నగారి కుమార్తె ఫోను చేసింది. ఆమె ఇప్పుడు కళాశాల విద్యార్థిని. బండిలో ఒక మూల మళ్ళీ నీరు దిగుతున్నదట. మా తండ్రిగారు ఫోను చెవికి ఆనించుకొని, ఆ చుట్టుప్రక్కల రివెట్లను ఒక్కొక్కదానినే తట్టమన్నారు. ఆమె తట్టుతూ పోయింది. ఒకచోట చప్పుడు మారింది. ఆయన ఇటువైపునుండి ఫోనుమీద వ్రేలితో మూడుసార్లు తట్టారు. అటువైపున ఆ పిల్ల నవ్వింది. ఆ రివెట్ తీసివేయాలని ఆమెకు ఎవరూ అనువదించి చెప్పనవసరం లేకపోయింది.